పాత ఎస్‌యూవీల్లో దేన్ని కొనాలి? ఇంజిన్ ఎలా పాడవుతుందో చూసి తేల్చుకోండి

పదేళ్లు దాటిన ఎస్‌యూవీ కొనబోయేవారు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: ఏ ఇంజిన్ గట్టిది? అది కొత్త బండి కొనేవారు అడగవలసిన ప్రశ్న. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి దగ్గర నిలబడినప్పుడు అడగవలసింది వేరు. ఈ ఇంజిన్ పాడయ్యే రోజు వస్తే ఎలా పాడవుతుంది? నెలల ముందు నుంచి పొగ కొడుతూ, ఆయిల్ తాగుతూ, మూలుగుతూ చెప్పి మరీ పాడవుతుందా? లేక నిన్నటి దాకా నిశ్శబ్దంగా నడిచి, ఈ రోజు సూర్యాపేట దాటాక హైవే మీద ఒక్కసారిగా పట్టేస్తుందా? చెప్పి పాడయ్యే ఇంజిన్‌కు వేలల్లో ఖర్చు అవుతుంది, చెప్పకుండా పాడయ్యేదానికి లక్షల్లో. నేను పాత బండ్లను ఈ ఒక్క తేడాతోనే తూకం వేస్తాను.

పోలిక కోసం నాలుగు బండ్లు తీసుకున్నాను. 2009 నుంచి వచ్చిన మహీంద్రా స్కార్పియో ఎమ్‌హాక్ (2179 సీసీ డీజిల్, 120 పీఎస్). 2012 జూలైలో వచ్చిన రెనో డస్టర్ 1.5 డీజిల్ (1461 సీసీ, 85 లేదా 110 పీఎస్). 2009 ఆగస్టులో వచ్చిన మొదటి తరం టయోటా ఫార్చ్యూనర్ 3.0 డీజిల్ (2982 సీసీ, 171 పీఎస్). 2013లో వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ పెట్రోల్ (999 సీసీ, 125 పీఎస్). ఇవి ఒకే ధరలో దొరికే బండ్లు కావని తెలుసు. అయినా ఒకే మనిషి మనసులో ఈ నాలుగూ తిరగడం చాలాసార్లు చూశాను. కొత్త చిన్న కారు ధరకు పాత పెద్ద బండి వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. పైగా ఈ నాలుగూ పాడయ్యే తీరు నాలుగు రకాలు. అందుకే వీటిని ఎంచుకున్నాను.

## దేనితో కొలవాలి

మొదటి కొలత ముందస్తు హెచ్చరిక. శబ్దం, పొగ, వాసన, మీటర్‌లో దీపం వంటి వాటిలో ఏదో ఒకటి మీకు కనీసం కొన్ని వారాల వ్యవధి ఇస్తుందా అన్నది.

రెండోది, ఒక చిన్న వస్తువు పోతే దానితో ఆగుతుందా, మొత్తం ఇంజిన్‌ను లాక్కుపోతుందా. ఇరవై రూపాయల వాషర్ వల్ల క్రాంక్ షాఫ్ట్ దాకా పోయే ఇంజిన్లు ఉన్నాయి. రబ్బరు బెల్టు తెగితే వాల్వులు వంగే ఇంజిన్లు ఉన్నాయి.

మూడోది, మీ ఊళ్లో ఆ ఇంజిన్ విప్పగలిగే చేయి ఉందా. విజయవాడ ఆటోనగర్‌కు గంట దూరంలో ఉండేవారికీ, భద్రాచలం అవతల ఉండేవారికీ ఒకే బండి ఒకే బండి కాదు.

నాలుగోది రికార్డు. ఎప్పుడు ఏ ఆయిల్ పోశారు, బెల్టు ఎప్పుడు మార్చారు అన్న బిల్లులు. కొన్ని ఇంజిన్లను బిల్లులు లేకపోయినా చెవితో, కంటితో అంచనా కట్టవచ్చు. కొన్నింటిని బిల్లు లేకుండా ముట్టుకోకూడదు. ఏది ఏ కోవలోదో కింద చెబుతాను.

మైలేజీ, సీట్లు, సౌకర్యాల జోలికి వెళ్లడం లేదు. ఇంజిన్ దించాల్సి వస్తే ఆ సంగతులేవీ గుర్తుండవు.

## నాలుగింటికీ ఉమ్మడి శత్రువు

బండి పేరు ఏదైనా సరే, మన దగ్గర పాత ఇంజిన్లను ఎక్కువగా పాడుచేసేది వేడి. ఈ నాలుగింటికీ సిలిండర్ హెడ్, అంటే ఇంజిన్ పై మూతలాంటి భాగం, అల్యూమినియమే. అల్యూమినియం తేలిక, వేడిని త్వరగా వదులుతుంది. కానీ ఒక్కసారి హద్దు మీరి కాగితే వంగిపోతుంది. హెడ్ వంగితే దాని కింద అతుకు మూసే గ్యాస్కెట్ కాలుతుంది. గ్యాస్కెట్ కాలితే మంట గాలి కూలెంట్‌లోకి, కూలెంట్ ఆయిల్‌లోకి దారి చేసుకుంటాయి. హెడ్ విప్పి లేత్ షాపులో ఫేసింగ్ (అడుగు చదును) చేయించి కొత్త గ్యాస్కెట్ వేస్తే బండి మళ్లీ నడుస్తుంది. కానీ ఫేసింగ్‌కూ ఒక హద్దు ఉంది, చేసిన ప్రతిసారీ హెడ్ కొంత పలుచబడుతుంది.

అంత వేడి ఎందుకెక్కుతుందంటే, చాలా సందర్భాల్లో బోరు నీళ్ల వల్ల. దారిలో కూలెంట్ తగ్గితే పక్క హోటల్లో సీసాడు నీళ్లు అడిగి పోయడం మన అలవాటు. ఆ నీళ్లలోని లవణాలు రేడియేటర్ సన్నని గొట్టాల్లో సున్నపు పొరలా పేరుకుంటాయి. చలికాలంలో ఏమీ తెలియదు. మే నెలలో, ఏసీ వేసుకుని, ఐదుగురు కూర్చుని ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది.

చల్లని ఇంజిన్ మీదే రేడియేటర్ మూత, లేదా కూలెంట్ డబ్బా మూత తెరవండి. వేడి మీద తెరిస్తే ముఖం కాలుతుంది. మూత లోపలి అంచు మీద వేలు తిప్పి చూడండి. రంగు నీరు, అది ఆకుపచ్చో గులాబీయో ఏదైనా, తేటగా అంటితే మంచిది. వేలికి తుప్పు రంగు బురద అంటినా, నీళ్లు కాచే బిందె అడుగులా తెల్లని గార తగిలినా ఆ బండి చాలాకాలం వట్టి నీళ్లతో తిరిగిందని అర్థం. నూనె తెట్టు కనిపిస్తే ఇక మాట్లాడకుండా మూత పెట్టి వచ్చేయండి. పెయింట్ ఎంత మెరిసినా, సీటు కవర్లు ఎంత కొత్తవైనా పైన పటారం లోన లొటారమే.

## స్కార్పియో ఎమ్‌హాక్: గోల చేసి పాడయ్యే ఇంజిన్

ఎమ్‌హాక్‌లో వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టులను తిప్పేది బెల్టు కాదు, టైమింగ్ చైన్. చైన్‌కు మార్చే గడువు ఉండదని, జీవితాంతం వస్తుందని చాలామంది నమ్మకం. ఆయిల్ వేళకు మార్చినంత కాలం అది నిజానికి దగ్గరగానే ఉంటుంది. చైన్‌ను బిగించి పట్టే టెన్షనర్ ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ చిక్కబడి, మురికై, మార్చకుండా ఉంటే టెన్షనర్ మందగిస్తుంది, చైన్ లింకులు అరిగి సాగుతాయి, గైడులు అరిగిపోతాయి.

అయితే ఇది చెప్పే జబ్బు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ముందు వైపు నుంచి గొలుసు రాసుకున్నట్టు గరగర వినిపిస్తుంది. మొదట్లో రెండు సెకన్లు ఉండి ఆగుతుంది. నెలలు గడిచేకొద్దీ ఐదు సెకన్లు, పది సెకన్లు, చివరికి ఎప్పుడూ. ఆ దశలో కూడా బండి నడుస్తూనే ఉంటుంది. యజమాని అలవాటు పడిపోతాడు. చైన్ ఒక పన్ను దూకితే మాత్రం వాల్వులు పిస్టన్లను తాకి హెడ్ విప్పాల్సి వస్తుంది. అంటే నష్టం జరగకముందు మీకు చాలా గడువు ఉంది, వినే చెవి ఉంటే చాలు.

మిగతావి ఏ పాత డీజిల్‌కైనా వచ్చేవే. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసితో మూసుకుపోయి పికప్ పడిపోవడం, టర్బోకు ఆయిల్ సరిగా అందక షాఫ్ట్ ఆడటం, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అరిగి నల్లపొగ. ఇవన్నీ మెల్లగా వచ్చేవి, విడివిడిగా బాగుచేయగలిగేవి.

స్కార్పియోకు పెద్ద బలం ఇంజిన్ లోపల లేదు, బయట ఉంది. మండల కేంద్రంలో కూడా దాన్ని విప్పిన మెకానిక్ ఉంటాడు, విడిభాగాలు జిల్లా కేంద్రంలో దొరుకుతాయి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: స్కార్పియో పేరుతో వచ్చినవన్నీ ఎమ్‌హాక్ కావు. అంతకు ముందు 2.6 సీఆర్‌డీఈ ఉంది, ఆ తరువాత చౌక రకాల్లో 2.5 లీటర్ల 75 పీఎస్ ఇంజిన్ కూడా వచ్చింది. ఆర్సీలో సీసీ చదవండి. 2179 అని ఉంటేనే పైన చెప్పిందంతా వర్తిస్తుంది.

## డస్టర్ 1.5 డీజిల్: తేదీ తెలిస్తే చాలు

డస్టర్‌లోని కె9కె ఇంజిన్ ఒక్క డస్టర్‌దే కాదు. నిస్సాన్ టెరానో, సన్నీ, మైక్రా, రెనో స్కాలా డీజిళ్లలోనూ ఇదే కుటుంబం. మన దేశంలో రెనో డీజిళ్లు ఆపేసి ఏళ్లయినా ఇంజిన్ భాగాలు దొరకడానికి ఇది ఒక కారణం.

దీని కీలకం టైమింగ్ బెల్టు. రబ్బరు బెల్టు కిలోమీటర్లతోనే కాదు, వయసుతోనూ పండిపోతుంది. మూలన పడి ఉన్న బండిలోనూ పగుళ్లు వస్తాయి. అది తెగేముందు చాలాసార్లు ఏ శబ్దమూ చేయదు. తెగిన క్షణంలో క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లు ఆగవు, వాల్వులు వంగుతాయి. నేను మొదట వేసిన తక్కెడలో ఇది చెప్పకుండా పాడయ్యే ఇంజిన్. కానీ దీనికి మందు చాలా సులువైనది: బెల్టు మార్చిన తేదీ. బిల్లు ఉంటే, మార్చి నాలుగైదు ఏళ్లు దాటకపోతే, కంపెనీ చెప్పిన కిలోమీటర్ల లోపే ఉంటే గండం లేదు. బిల్లు లేకపోతే అమ్మే మనిషి ఎంత నమ్మకంగా చెప్పినా మార్చలేదనే లెక్క వేసుకుని, కొన్న రోజే మార్పించండి. ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయం. ఇందులో వాటర్ పంపును తిప్పేది కూడా అదే బెల్టు. బెల్టు ఒక్కటే మార్చి పాత పంపు వదిలేస్తే, రేపు ఆ పంపు పట్టేసి కొత్త బెల్టును తెంపుతుంది. బెల్టు, టెన్షనర్, పంపు మూడూ కలిపి మార్చాలి. బిల్లులో ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి.

ఈ ఇంజిన్‌కు యూరప్‌లో ఇంకో చెడ్డపేరు ఉంది. తొలినాళ్ల కె9కెలలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు త్వరగా అరిగేవి, ఆయిల్ మార్పు గడువులు చాలా దూరంగా పెట్టడం దానికి తోడైంది. మన దగ్గర పదివేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చిన బండ్లకు ఆ భయం తక్కువ. అయినా ఇంజిన్ బాగా వేడెక్కాక నిలకడగా యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి వదిలినప్పుడు కింది నుంచి టక్ టక్ మని బరువైన దెబ్బ వినిపిస్తే అది ఇంజెక్టర్ శబ్దం అని నచ్చజెప్పనివ్వకండి. ఇంజెక్టర్ శబ్దం పైనుంచి, సన్నగా వస్తుంది. బేరింగ్ శబ్దం కింది నుంచి, తలుపు కొట్టినట్టు వస్తుంది.

## ఫార్చ్యూనర్ 3.0: వాషర్ నుంచి క్రాంక్ దాకా

ఈ ఒక్క ఇంజిన్ గురించి ఎక్కువ రాస్తాను. దీని మీద మనవాళ్లకు ఉన్నంత గుడ్డి నమ్మకం మరే ఇంజిన్ మీదా లేదు. ఆ నమ్మకం సగం నిజం కూడా. ఇన్నోవా 2.5 డీజిల్‌దీ ఫార్చ్యూనర్ 3.0దీ ఒకే కేడీ కుటుంబం. ఇన్నోవాలు ట్యాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరగడం మనం కళ్లారా చూస్తున్నాం. అలాంటప్పుడు ఫార్చ్యూనర్‌కు ఏమవుతుంది అనిపించడం సహజం.

1కేడీ, అంటే ఫార్చ్యూనర్ 3.0 ఇంజిన్‌లో ప్రతి ఇంజెక్టర్ అడుగునా ఒక రాగి వాషర్ ఉంటుంది. సిలిండర్‌లో మండే వాయువు పైకి రాకుండా ఆపడం దాని పని. ఏళ్లు గడిచేకొద్దీ అది పట్టు వదిలితే మంట గాలి సన్నగా పైకి జారి వాల్వ్ కవర్ కిందికి చేరుతుంది. అక్కడ ఉన్న ఆయిల్‌ను మాడుస్తుంది. మాడిన ఆయిల్ తారులా, గట్టి మసి పలుకుల్లా మారి కిందికి జారుతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో, పంపు ఆయిల్ పీల్చుకునే జల్లెడ దగ్గర పేరుకుంటుంది. టీ వడకట్టే జల్లెడలో పొడి నిండితే టీ ఎలా సన్నబడుతుందో అలా ఆయిల్ ప్రవాహం సన్నబడుతుంది. మొదట టర్బో, తరువాత బేరింగులు ఆయిల్ కోసం అలమటిస్తాయి. ఆయిల్ దీపం వెలిగేసరికి చాలామటుకు పని అయిపోయి ఉంటుంది. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ నిండుగానే ఉంటుంది. అందుకే చాలామంది మోసపోతారు. ఆయిల్ ఉంది, అందడం లేదంతే.

ఇది ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో ఇదే ఇంజిన్ ఉన్న హైలక్స్, ప్రాడో యజమానులు బాగా ఎరిగిన జబ్బు. దానితోపాటు ఇంజెక్టర్లు అరిగి అవసరానికి మించి డీజిల్ చిమ్మడం, ఆ వేడికి పిస్టన్ పగలడం కూడా వారికి అనుభవమే. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే గట్టి టకటక, తెల్లపొగ వస్తుంటే ఇంజెక్టర్లను డీజిల్ పంపులు బాగుచేసే షాపులో టెస్ట్ బెంచ్ మీద పెట్టించకుండా డబ్బు ఇవ్వకండి.

మరి ఈ ఇంజిన్ ముందే చెబుతుందా? చెబుతుంది, కానీ ఎక్కడ చూడాలో తెలిసినవారికే. ఆయిల్ పోసే మూత తీసి టార్చ్ వేసి చూడండి. లోపల లోహం గోధుమ రంగులో శుభ్రంగా ఉంటే మంచిది. కాలిన బెల్లం పాకంలా నల్లని మందపాటి పెంకు పట్టి ఉంటే వాషర్లు కారుతున్నాయని అనుమానించాలి. ఇంకా నిశ్చయంగా తేల్చుకోవాలంటే ఆయిల్ సంపు విప్పించి జల్లెడ చూడటమే. ఇరవై లక్షల బండిగా ఊరేగినదానికి ఒక పూట కూలీ ఇచ్చి సంపు విప్పించడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, ఆ ఒప్పుకోకపోవడమే మీకు జవాబు.

వాషర్లు వేళకు మార్చి, ఇంజెక్టర్లు సరిచూసి, జల్లెడ శుభ్రం చేసిన 1కేడీ ఇంజిన్ మాత్రం నిజంగానే పెట్టుబడి. బరువు లాగడంలో, ఘాట్ ఎక్కడంలో మిగతా మూడూ దాని దరిదాపుల్లోకి రావు. దీనికీ టైమింగ్ బెల్టే ఉంది. కాకపోతే గడువు దగ్గరపడితే మీటర్‌లో టీ-బెల్ట్ దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని బెల్టు మార్చకుండానే ఆర్పేయడం కూడా వీలే కాబట్టి ఇక్కడా బిల్లే ప్రమాణం.

## ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్: కాగితం లేకపోతే వద్దు

2012, 2013, 2014లలో వరుసగా మూడేళ్లు అంతర్జాతీయ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ గెలుచుకున్న ఇంజిన్ ఇది. మూడే సిలిండర్లతో 125 పీఎస్ ఇచ్చిన పనితనం గొప్పదే. పాతబడ్డాక దీని కథ వేరు.

ఇందులో టైమింగ్ బెల్టు ఇంజిన్ లోపల, ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. సరైన ఆయిల్, అంటే ఫోర్డ్ దీనికోసం చెప్పిన పలుచని 5డబ్ల్యూ-20 రకం పోస్తే బెల్టుకు హాని లేదు. పక్క దుకాణంలో దొరికిన చిక్కని ఆయిల్ పోసినా, మార్పు ఆలస్యమైనా రబ్బరు మెత్తబడి, అంచులు రాలి, ఆ పలుకులు ఆయిల్ జల్లెడకు అడ్డం పడతాయి. అక్కడి నుంచి ఫార్చ్యూనర్ కథే, ఇంకా వేగంగా. చిన్న ఇంజిన్, టర్బో, పలుచని ఆయిల్. ఒత్తిడి పడిపోతే తట్టుకునే వ్యవధి తక్కువ. దీనికి తోడు తొలి బండ్లలో కూలెంట్ గొట్టం పగిలి నీరు ఖాళీ కావడం, ఎవరూ చూడకముందే హెడ్ కాలిపోవడం విదేశాల్లో పెద్ద గొడవే అయింది.

బ్రిటన్‌లో ఈ బెల్టుకు ఫోర్డ్ మొదట చెప్పిన గడువు పదేళ్లు లేదా సుమారు 2.4 లక్షల కిలోమీటర్లు. 2013, 2014 బండ్లు ఆ వయసు దాటేశాయి. మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. సర్వీసు ఇంకా దొరుకుతుంది గానీ, ఈ బెల్టు మార్చడానికి ప్రత్యేక పనిముట్లు, ఇంతకుముందు చేసిన చేయి కావాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో వెతికితే దొరుకుతారు. చిన్న పట్టణంలో ఆశ పెట్టుకోకండి.

ఎకోస్పోర్టే కావాలనుకుంటే తొలినాళ్ల 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ చూడండి. టర్బో లేదు, తడి బెల్టు లేదు. వేగం తక్కువ, గుండెకు హాయి.

## ఒక్క చూపులో

| బండి | పెద్ద గండం | ముందే చెబుతుందా | బిల్లు లేకుండా కొనవచ్చా | మెకానిక్ |
|---|---|---|---|---|
| స్కార్పియో ఎమ్‌హాక్ | టైమింగ్ చైన్ సాగడం | గట్టిగా చెబుతుంది, నెలల ముందే | కొనవచ్చు, చల్లని స్టార్ట్ వింటే | దాదాపు ప్రతి పట్టణంలో |
| డస్టర్ 1.5 డీజిల్ | బెల్టు తెగడం | చెప్పదు | కొనవచ్చు, వెంటనే బెల్టు, పంపు మార్పిస్తే | జిల్లా కేంద్రాల్లో |
| ఫార్చ్యూనర్ 3.0 | ఇంజెక్టర్ వాషర్లు, ఆయిల్ జల్లెడ | చూడటం తెలిస్తేనే | సంపు విప్పి చూశాకే | దొరుకుతారు, ఖర్చు ఎక్కువ |
| ఎకోస్పోర్ట్ 1.0 | తడి బెల్టు, కూలెంట్ | చాలా తక్కువ | వద్దు | పెద్ద నగరాల్లో |

## ఎవరికి ఏది

ఊరు, పొలం, గతుకుల రోడ్డు, దగ్గర్లో ఒక్క షెడ్డు మాత్రమే ఉన్నవారు స్కార్పియో దాటి చూడనక్కర్లేదు. దాని ఇంజిన్ మిగతా వాటికంటే గొప్పదని కాదు. పాడైన రోజు మీరు ఒంటరిగా ఉండరు, అదీ కారణం.

హైదరాబాద్ నుంచి కర్నూలు, ఒంగోలు, వరంగల్ వంటి దూరాలు నెలకు రెండు మూడుసార్లు తిరిగే కుటుంబానికి డస్టర్ 110 నచ్చుతుంది. డీజిల్ పొదుపు, హైవే మీద నిలకడ రెండూ ఉన్నాయి. మీరు బిల్లులు దాచుకునే మనిషి అయి ఉండాలి. బెల్టు తేదీ డైరీలో రాసుకోలేని వారికి ఈ బండి ఇవ్వను.

రోజుకు పది కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణం మాత్రమే ఉన్న నగరవాసికి ఈ పాత డీజిళ్లలో ఏదీ సరిపడదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతే ఈజీఆర్, టర్బో, ఇన్‌టేక్ అంతా మసి. అలాంటివారు పాత పెట్రోల్, అదీ టర్బో లేనిది, తీసుకోవాలి.

ఫార్చ్యూనర్ కోరిక ఉన్నవారికి ఒకే షరతు. బండి ధర కాకుండా అందులో ఐదో వంతు పక్కన పెట్టగలిగితేనే దిగండి. ఆ డబ్బుతో మొదటి నెలలోనే వాషర్లు, ఇంజెక్టర్ పరీక్ష, సంపు, బెల్టు అన్నీ చేయించండి. ఉన్నదంతా ఊడ్చి బండి కొని, మరమ్మతుకు అప్పు చేసినవారి ఇళ్లలో ఆ బండి తెచ్చిన బాధ చూశాను.

ఢిల్లీ బండ్ల గురించి కూడా చెప్పాలి. పదేళ్లు దాటిన డీజిళ్లను అక్కడ తిప్పకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. అప్పటి నుంచి అక్కడి డీజిళ్లు చౌకగా మన దాకా వస్తున్నాయి. ధర తక్కువగా కనిపించినా ఎన్‌ఓసీ, మన రాష్ట్రంలో కట్టే జీవితకాల పన్ను, పదిహేనేళ్లు నిండబోతుంటే ఆర్సీ పునరుద్ధరణ, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ అన్నీ కలిపి లెక్క వేశాకే పోల్చండి. పాత యజమాని దొరకడు, సర్వీసు చరిత్ర దొరకడం కష్టం. పైన చెప్పిన నాలుగు కొలతల్లో రికార్డు అన్నది పూర్తిగా పోతుంది. కాబట్టి ఢిల్లీ స్కార్పియో వరకు ఆలోచించవచ్చు, ఢిల్లీ ఎకోబూస్ట్ వద్దే వద్దు.

## పొద్దున్నే వెళ్లండి

మా బావమరిది ఒక పాత డీజిల్ బండి చూడటానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. ఏడు గంటలకు వస్తామని చెప్పి వెళ్లాం. బండి కడిగి, బొట్టు పెట్టి సిద్ధంగా ఉంది. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది, ఎక్కడా శబ్దం లేదు. బావమరిది ముఖం వెలిగిపోయింది. నేను బానెట్ మీద చేయి పెట్టాను. వెచ్చగా ఉంది. మేము రాకముందే స్టార్ట్ చేసి ఆపారు. ఏమీ అనకుండా, ఇంట్లో పని ఉందని చెప్పి వచ్చేశాం. మర్నాడు చెప్పకుండా ఆరు గంటలకే వెళ్లాం. బానెట్ మంచు ముద్దలా ఉంది. ఈసారి నాలుగైదుసార్లు తిప్పితే గాని అందుకోలేదు, వెనుక నుంచి తెల్లపొగ గేటు దాకా కమ్మేసింది. ముందురోజే బయానా ఇచ్చి ఉంటే ఇంజెక్టర్ల ఖర్చు మా నెత్తిన పడేది.

కాబట్టి చల్లని స్టార్ట్ మీద రాజీ పడకండి. తరువాత ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. కొద్దిగా వణికితే పర్వాలేదు. గెంతి పడిపోతే, గుప్పు గుప్పుమని పొగ వస్తే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది ఇదే. రింగులు అరిగి ఇంజిన్ బోరుకు, అంటే సిలిండర్లు కోయించే దశకు, వచ్చిందన్నమాట. డిప్ స్టిక్ తీసి ఆ గొట్టంలోంచి పొగ వస్తోందో చూడండి. మూత అడుగున పాల టీ రంగు జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయని గట్టిగా అనుమానించాలి. అయితే చలికాలంలో చిన్న దూరాలే తిరిగిన బండిలో చెమ్మ వల్ల కూడా పలుచని పొర వస్తుంది. తుడిచి, ఇరవై కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి. మళ్లీ వస్తే గ్యాస్కెట్టే.

పొగ రంగు కూడా భాష లాంటిదే. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, నలుపు డీజిల్ ఎక్కువో గాలి తక్కువో అని, వేడెక్కాక కూడా ఆగని తెలుపు ఇంజెక్టరో హెడ్ గ్యాస్కెట్టో అని చెబుతుంది. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టినప్పుడు లోపాలు ఏవీ లేవని చూపితే వెంటనే సంతోషపడకండి. నిన్ననే కోడ్లు చెరిపేసి ఉండవచ్చు. అరగంట నడిపాక మరోసారి పెట్టించండి.

చివరిగా ఇంజిన్ నంబర్. ఆర్సీలోని నంబర్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. పాత ఇంజిన్ పాడైతే స్క్రాప్ నుంచి మరో ఇంజిన్ తెచ్చి పెట్టి, ఆర్టీవో దగ్గర ఆర్సీలో మార్పించకుండా అమ్మేవారు ఉన్నారు. తేడా ఉంటే ఆ ఇంజిన్ ఎంత బాగా నడిచినా అది మీ పేరున మారదు, బీమా సంస్థ దగ్గర నిలవదు.

## కొన్న వారంలో

నాలుగింటిలో ఏది కొన్నా మొదటి వారంలో కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, అన్ని ఫిల్టర్లు మార్పించండి. డీజిల్ బండి అయితే ఫిల్టర్ అడుగున చేరిన నీరు వదిలించండి. కూలెంట్ మొత్తం తీయించి, రేడియేటర్ కడిగించి, కొత్త కూలెంట్‌ను డిస్టిల్డ్ నీళ్లతో సగం సగం కలిపి పోయండి. పాత రబ్బరు గొట్టాలు నొక్కి చూసి గట్టిపడినవి మార్చేయండి. డస్టర్‌కు బెల్టు, పంపు. ఫార్చ్యూనర్‌కు వాషర్లు, జల్లెడ. స్కార్పియోకు చైన్ గరగర ఉంటే టెన్షనర్, గైడులు, చైన్ కలిపి. బెల్టు మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించండి. రేపు మీ దగ్గర ఆ బండి కొనేవారు మొదట వెతికేది ఆ స్టిక్కర్‌నే.